చదరంగం కాదు, చదరపు నాట్యం!

బోస్టన్ వెళ్లిన మనవాళ్లు చూసొచ్చేవి దాదాపు ఒకటే. హార్వర్డ్‌లో విగ్రహం బూటు ముట్టుకుని ఓ ఫొటో, ఎంఐటీ డోమ్ ముందు ఇంకో ఫొటో, వీలైతే చార్లెస్ నది మీద పడవ. పిల్లాడి చదువు కోసం వెళ్లిన అమ్మానాన్నలైనా, ఆఫీసు పని మీద వెళ్లినవాళ్లైనా ఇంతే. కానీ అదే ఎంఐటీలో, రోడ్డుకి ఇవతల పక్కన, మంగళవారం రాత్రి ఒక హాల్లో జరిగే సంగతి చాలామందికి తెలీదు. అక్కడ ఎనిమిదేసి మంది చతురస్రాలుగా నిలబడి, మైకులో ఒకాయన చెప్పినట్టల్లా గిరగిరా తిరుగుతుంటారు. ఆ చెప్పే మాటలు రాయడానికీ, సరిచూడడానికీ ఒక సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఈ వారం ఆ కథ చెబుతాను.

నేనక్కడికి వెళ్లడానికి కారణం మా రూమ్మేట్. నాకంటే నాలుగేళ్లు చిన్న, ఎమ్మెస్ చేస్తున్నాడు. "మంగళవారం నీకేం పనుంటుంది అన్నా, ల్యాప్‌టాప్ మూసి రా" అన్నాడు. నిజమే, ఏం పనీ లేదు. ఆఫీసు, ఇల్లు, వీకెండ్‌కి ఇండియన్ స్టోర్. ఈ ఊరొచ్చాక పనితో సంబంధం లేని మనిషితో చెయ్యి కలిపి ఎన్నాళ్లయిందో లెక్కేసుకుంటే కొంచెం దిగులేసింది కూడా.

దారి ఇలా

రెడ్ లైన్ రైల్లో సెంట్రల్‌లోగానీ, కెండల్‌లోగానీ దిగొచ్చు. సెంట్రల్ నుంచైతే మసాచుసెట్స్ అవెన్యూ మీద నేరుగా నడవడమే. నది అవతల బోస్టన్ వైపు ఉంటే ఒకటో నంబరు బస్సెక్కితే హార్వర్డ్ బ్రిడ్జి దాటించి దింపేస్తుంది. ఓపికుంటే బ్రిడ్జి మీద నడవండి. 1958లో ఎంఐటీ కుర్రాళ్లు తమ స్నేహితుడు ఆలివర్ స్మూట్‌ని నేలమీద పడుకోబెడుతూ, లేపుతూ ఆ వంతెన పొడవు కొలిచారు. 364.4 స్మూట్లు, ఒక చెవి తేలింది! ఆ గీతలకి ఇప్పటికీ రంగు వేస్తూనే ఉంటారు. ఆటలోనూ లెక్క వెతికే ఊరు ఇది. ముందే చెప్పేస్తే తర్వాతి సంగతులు వింతగా అనిపించవు.

77 నంబరు దగ్గర పెద్ద స్తంభాల ద్వారం కనిపిస్తుంది. దానికి ఎదురుగా రోడ్డు దాటితే స్టూడెంట్ సెంటర్. మెట్లెక్కి రెండో అంతస్తు. వాళ్ల లెక్కలో రెండు, మన లెక్కలో ఒకటి. టెక్ స్క్వేర్స్ అనే క్లబ్బు 1967 నుంచి నడుస్తోంది. ఎంఐటీ పిల్లలు ఈ డాన్స్ క్లాసుని వ్యాయామ విద్య కింద క్రెడిట్‌గా కూడా తీసుకోవచ్చు. మన ఇంజనీరింగ్ కాలేజీలో కోలాటానికి మార్కులిచ్చినట్టు ఊహించుకోండి.

లోపల చూస్తే అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి, ఆమె తాతయ్య వయసున్న ప్రొఫెసర్ లాంటి మనిషి, స్నీకర్స్ వేసుకున్నవాళ్లు, గౌను తిప్పుకుంటున్నవాళ్లు. అబ్బాయి స్థానంలో అమ్మాయి, అమ్మాయి స్థానంలో అబ్బాయి ఆడినా ఎవరూ పట్టించుకోరు. తన స్థానం తనకి గుర్తుంటే చాలు.

ఆట ఏంటంటే

నాలుగు జంటలు చతురస్రానికి నాలుగు పక్కలా నిలబడతాయి. పాటకి వీపు పెట్టి నిలబడింది ఒకటో జంట. దాని కుడిపక్క రెండు, ఎదురుగా మూడు, మిగిలింది నాలుగు. ఒకటి, మూడు జంటల్ని హెడ్స్ అంటారు. రెండు, నాలుగు సైడ్స్. మైకు పట్టుకున్నాయన కాలర్. చొక్కా కాలర్ కాదు, కాల్ చేసే మనిషి.

స్వింగ్ త్రూ, స్క్వేర్ త్రూ, రీసైకిల్, అలమాండ్ లెఫ్ట్... ఇలా ఒక్కో కాల్‌కీ ఒక్కో కచ్చితమైన కదలిక ఉంటుంది. ఈ క్లబ్బు నేర్పే ప్లస్ అనే స్థాయికి వంద దాకా కాల్స్ రావాలి. ఆ పైన అడ్వాన్స్‌డ్, ఛాలెంజ్ అంటూ మెట్లున్నాయి. ఏ మెట్టులో ఏ కాల్స్ ఉండాలో కాలర్‌ల్యాబ్ అనే కాలర్ల సంఘం నిర్ణయిస్తుంది. అది 1974లో మొదలైంది. ప్రపంచమంతా కాల్స్ ఇంగ్లీషులోనే ఉంటాయి. అందుకే జపాన్‌లో నేర్చుకున్నవాడు స్వీడన్ వెళ్లి అక్కడివాళ్లతో హాయిగా ఆడేస్తాడు.

మన కోలాటంలో గురువు ఈల వేస్తే వరస మారుతుంది కదా. కానీ ఆ వరస ముందే నేర్చుకున్నది, ఎన్నోసార్లు సాధన చేసింది. ఇక్కడ తర్వాత ఏం రాబోతోందో ఆడేవాళ్లకి తెలీదు. కాలర్ నోట్లోంచి మాట వచ్చాకే తెలుస్తుంది. వినాలి, అర్థం చేసుకోవాలి, కదలాలి. ఈలోగా తర్వాతి కాల్ వచ్చేస్తుంది. చివర్లో ఎనిమిది మందీ తమ తమ జంటతో, సరైన వరసలో తేలి, నడుచుకుంటూ సొంత చోటికి చేరాలి. చేరినప్పుడు హాలంతా ఒక అరుపు. పండగే.

ఎవరి నాట్యం ఇది?

కౌబాయ్ టోపీలు, తెల్లవాళ్ల పల్లెటూరి ఆట అనే బొమ్మ మనలో చాలామందికి ఉంటుంది. నాకూ అదే ఉండేది. అసలు కథ అంత ఏకరంగు కాదు. అడుగులు చాలావరకు యూరప్ నుంచి వచ్చినవే. కానీ నాట్యం జరుగుతుండగా పైనుంచి కాల్స్ చెప్పే పద్ధతి అమెరికాలో నల్లజాతి వాద్యకారుల నుంచి వచ్చిందని ఫిల్ జేమిసన్ లాంటి పరిశోధకులు చూపించారు. యజమానుల విందుల్లో ఫిడేలు వాయించిన బానిసలు, వారి తర్వాతి తరాలవాళ్లు అన్నమాట.

1920ల్లో కార్ల హెన్రీ ఫోర్డ్‌కి ఈ పాత నాట్యాల మీద మోజు కలిగింది. బెంజమిన్ లవెట్ అనే నాట్య గురువుని డియర్‌బోర్న్ రప్పించి నేర్పించాడు, 1926లో పుస్తకం వేయించాడు. దాని వెనక జాజ్ సంగీతమంటే ఆయనకున్న ఏవగింపు ఉంది. ఆయన పత్రిక యూదుల మీద విషం కక్కిన రోజులవి. నల్లవాళ్ల గొంతు కలిసిన నాట్యాన్ని నల్లవాళ్ల సంగీతానికి విరుగుడుగా వాడాలనుకోవడం చరిత్ర ఆడిన ఆట. తర్వాత కొలరాడో స్ప్రింగ్స్‌లో లాయిడ్ షా అనే బడి పెద్ద పిల్లలకి నేర్పి, 1939లో కౌబాయ్ డాన్సుల మీద పుస్తకం రాశాడు. దాంతో దేశమంతా ఊపందుకుంది. 1982లో అమెరికా చట్టం చేసి మరీ రెండేళ్ల పాటు దీన్ని జాతీయ జానపద నాట్యంగా ప్రకటించింది.

ఈ చరిత్ర తెలిశాక ఆ హాల్లో నా గోధుమరంగు చెయ్యి పరాయిదనిపించలేదు. ఈ ఆట ఎప్పుడూ ఒక్క రంగుది కాదు.

ఎనిమిది బొమ్మల నుంచి ఎస్‌డీ దాకా

విరామంలో నీళ్ల దగ్గర కాలర్‌ని పలకరించాను. డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. బల్ల మీద ల్యాప్‌టాప్, తెర మీద నల్లగా అక్షరాలు. ఎక్కడున్నా మనకి ముందు కనపడేది అదే కదా!

"ఇవన్నీ అప్పటికప్పుడు చెబుతారా, రాసుకొస్తారా?" అని అడిగాను.

"రెండూనూ. సాఫ్ట్‌వేరా నువ్వు?" అని నవ్వి తెర నావైపు తిప్పాడు.

పాతరోజుల్లో కాలర్లు వంటింటి బల్ల మీద ఎనిమిది బొమ్మలో, నాణేలో, గవ్వల్లాంటివో పెట్టుకుని, ఒక్కో కాల్‌కీ ఒక్కోదాన్నీ జరుపుతూ సీక్వెన్సులు కట్టేవారట. ఒక్క బొమ్మ తప్పు జరిగితే మొత్తం మళ్లీ మొదటికి. ఇప్పుడా పని చేసేది ఎస్‌డీ అనే ప్రోగ్రాం. రాసింది విలియం అకర్‌మన్. ఉచితంగా దొరుకుతుంది. మనం స్థాయి ఎంచుకుని కాల్ పేరు టైప్ చేస్తే, ఎనిమిది మందీ ఎక్కడికి చేరారో చూపిస్తుంది. 1బి అంటే ఒకటో జంట అబ్బాయి, 1జి అంటే అమ్మాయి. పక్కన బాణం గుర్తు వాళ్ల మొహం ఎటుందో చెబుతుంది. ఆ అమరికలో కుదరని కాల్ ఇస్తే ఒప్పుకోదు. మన కంపైలర్ ఎర్రర్ లాగే. వెనక్కి వెళ్లొచ్చు, మార్చొచ్చు, నచ్చింది దాచుకోవచ్చు. మన ఎడిటర్లో కోడ్ రాసినట్టే.

అన్నిటికంటే అందమైన ఆదేశం రిజాల్వ్. అంటే, "చిక్కు పడేశాను, జంటల్ని కలిపి పెట్టు" అని. అది రకరకాల కాల్స్ వేసి వేసి చూసి, దారి దొరికేదాకా వెతుకుతుంది.

ఈ వెతుకులాట ఎంత పెద్దదో ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద వేశాను. ఎనిమిది చోట్ల ఎనిమిది మందిని ఎలా పడితే అలా నిలబెడితే 40,320 రకాలు. అయితే మామూలు కాల్స్‌లో ఎదురెదురు జంటలు ఒకేలా కదులుతాయి. ఒకటో జంట అబ్బాయి ఎక్కడుంటే మూడో జంట అబ్బాయి సరిగ్గా దానికి ఎదురు మూల ఉంటాడు. కాబట్టి మొదటి మనిషికి 8 చోట్లు, వాడి జోడీ దానంతటదే కుదురుతుంది. తర్వాతివాడికి 6, ఆపైన 4, ఆపైన 2. గుణిస్తే 384. ఏ జంటకి ఏ నంబరన్నది వదిలేస్తే, దాన్ని నాలుగుతో భాగించాలి. 96. ఒక అమరికలో ఉండగలిగే స్థితులు ఇన్నే. ఆ 96లో, అందరూ సొంత జంటతో సరైన వరసలో ఉండేది ఒక్కటి!

కంప్యూటర్‌కి 96 ఓ లెక్కా? కానీ మైకు ముందు నిలబడి, పాట ఆగకుండా, నిమిషానికి 120కి పైగా దరువులు పడుతుంటే కళ్లతో చూసి ఆ ఒక్కదాన్ని పట్టుకోవడం మాత్రం విద్యే. అనుభవమున్న కాలర్లు ఒకట్రెండు జంటల్ని గుర్తుపెట్టుకుని, వాళ్లని కలిపితే మిగతావాళ్లు కలిసిపోతారన్న నమ్మకంతో నడిపిస్తారు. ఇప్పుడు చెప్పిన ఎదురెదురు సూత్రమే ఆ నమ్మకానికి ఆధారం.

కొన్ని చిన్న మంత్రాలు నోటికొచ్చి ఉంటాయి కూడా. హెడ్స్ స్క్వేర్ త్రూ నాలుగు చేతులు ఆడాక "రైట్ అండ్ లెఫ్ట్ త్రూ, డైవ్ త్రూ, పాస్ త్రూ" అని ఒకసారి చెబితే ఎదురుపక్క జంట దగ్గర తేలతారు. మళ్లీ అదే చెబితే మొదటి చోటుకే వస్తారు. ఆడేవాళ్లకి చాలా దూరం తిరిగినట్టుంటుంది, లెక్కలో మాత్రం సున్నా. వీటికి జీరోలనే పేరు.

పాటలతో కలిపి చెప్పే సింగింగ్ కాల్‌కి నియమం ఇంకా గట్టిది. ఒక్కో భాగం 64 దరువుల్లో ముగియాలి. నాలుగు భాగాల్లో నాలుగుసార్లు జంటలు మారి, చివరికి ఎవరి జంట వాళ్ల దగ్గరికి చేరాలి. పాట వేగం మార్చుకుంటూ, సీక్వెన్స్ కూడా అక్కడే సరిచూసుకునేలా స్క్వేర్‌డెస్క్ అనే ప్రోగ్రాం వచ్చింది. ఒక్కో కాల్ ఎలా ఉంటుందో బొమ్మల్ని కదిలించి చూపే టామినేషన్స్ ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు బస్సులో కూర్చుని ఫోన్లో అదే చూస్తుంటారు.

కుడి చెయ్యి అలిగింది

"అయితే ఇక కాలర్‌తో పనేముంది? మెషీనే రాసేస్తుందిగా!" అన్నాను. తమాషాకి అన్న మాట కాదది. మా ఆఫీసులో ఇప్పుడు చాలా కోడ్ మెషీనే రాస్తోంది, మేం చదివి సరే అనడమే. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే అరవై రోజులు. 'మెషీన్ సరిగ్గా రాస్తే మరి నేనెందుకు' అన్న ప్రశ్న రాత్రిళ్లు నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న.

ఆయన నవ్వలేదు. ల్యాప్‌టాప్‌లో ఏదో టైప్ చేశాడు. మధ్యలో నలుగురు స్క్వేర్ త్రూ త్రీ, ఆ వెంటనే బయటివాళ్లతో స్వింగ్ త్రూ. ఎస్‌డీ ఏ పేచీ లేకుండా ఒప్పుకుంది.

"తప్పుందా?"

"లేదు" అన్నాను.

"అలా ముందుకొచ్చి నిలబడు. చేతులు ఆడించు."

స్క్వేర్ త్రూ త్రీ అంటే మూడు చేతులు. కుడి చెయ్యి పట్టి లాగి దాటాలి, తర్వాత ఎడమ, తర్వాత మళ్లీ కుడి. స్వింగ్ త్రూ మొదలయ్యేదీ కుడి చేత్తోనే. ఇప్పుడే ఒకరిని పట్టి వెనక్కి వదిలిన చెయ్యిని గబుక్కున ముందుకు లాక్కుని ఇంకొకరికి అందించాలి. భుజం ఒక్క క్షణం ఆగిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఖాళీగా, పిలవని పేరంటానికి వచ్చినట్టు వేలాడుతోంది.

"ఇప్పుడు స్వింగ్ త్రూ తీసి అలమాండ్ లెఫ్ట్ పెట్టు."

కుడి, ఎడమ, కుడి, ఆ వెంటనే ఎడమ. నడకలో చేతులు ఊగినంత సహజంగా ఉంది.

"రెండూ సరైనవే. ఒకటే ఆడదగ్గది. నీ చెయ్యి ఇప్పుడు ఎక్కడుందో దీనికి తెలీదు. కాళ్లు ఎటు ఊగుతున్నాయో, తల ఎంత తిరిగిందో, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో తెలీదు. అది చూసుకోవడానికే నేనున్నాను" అన్నాడాయన.

మూడో చతురస్రం

విరామం అయిపోయింది. మళ్లీ పాట. ఈసారి ఆయన తెర చూస్తూ, రాసి పెట్టుకున్న సీక్వెన్స్ చెబుతున్నాడు. కొంచెం కఠినమైనదే. మొదటి రెండు చతురస్రాలు బాగానే వెళ్తున్నాయి. మూడోదాంట్లో కొత్తగా చేరిన పిల్లాడు ఎటు తిరగాలో తెలీక ఆగిపోయాడు. వాడి వెనక ఇద్దరు ఆగారు, క్షణంలో ఎనిమిది మందీ చెల్లాచెదురు. ఇలాంటప్పుడు ఆ చతురస్రం రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి, మిగతావాళ్లు ఆ అమరికకి వచ్చేదాకా కాచుకోవడం ఆనవాయితీ. వాళ్లూ అలాగే నిలబడ్డారు. పిల్లాడి చెవులు ఎర్రబడిపోయాయి.

కాలర్ తెర మీంచి తల ఎత్తాడు. రాసుకున్నది అక్కడే వదిలేశాడు. గొంతు మారలేదు, పాట ఆగలేదు. నాలుగు తేలిక కాల్స్‌తో మిగతా రెండు చతురస్రాల్నీ ఎదురెదురు వరసల్లోకి తెచ్చాడు. మూడూ ఒకేలా అయ్యాయి. అక్కణ్నుంచి అందరికీ కలిపి ఒకే కాల్. పిల్లాడు ఎప్పుడు ఆటలోకి వచ్చేశాడో వాడికే తెలిసినట్టు లేదు. రెండు నిమిషాల తర్వాత అందరితో పాటు వాడూ జంటని కలిసి అరిచాడు.

ఆడుతున్నవాళ్లలో ఎంతమంది గమనించారో నాకు తెలీదు. పక్కన నిలబడి చూస్తున్న నాకు మాత్రం స్పష్టంగా కనపడింది. రాసుకున్న సీక్వెన్స్ పక్కాగా ఉంది. ఎస్‌డీ ముద్ర కూడా వేసింది. అయినా ఆ నిమిషానికి అది పనికిరానిది. ఎందుకంటే అది ఎవరికోసం రాశారో వాళ్లలో ఎనిమిది మంది బయట నిలబడి ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ ఆయనకి చేసిన మేలు తక్కువేం కాదు. వంటింటి బల్ల మీద గంటలకొద్దీ బొమ్మలు జరిపే శ్రమ తప్పించింది. అది మిగిల్చిన ధ్యాసనంతా ఆయన హాలు మీద పెట్టాడు. అసలు తెర మీంచి తల ఎత్తగలిగాడంటే సగం కారణం అదే.

నా ప్రశ్నకి పూర్తి జవాబు దొరికిందని చెప్పను. కంపెనీలు ఉద్యోగాలు ఉంచడం, తీసేయడం ఇంత అందమైన లెక్కతో జరగదు. కానీ మర్నాడు ఆఫీసులో మెషీన్ రాసిన కోడ్ చదువుతున్నప్పుడు నేనడిగే ప్రశ్న మారింది. 'ఇది సరైనదేనా' అన్న దగ్గర ఆగకుండా, 'దీన్ని వాడే మనిషి చెయ్యి ఇప్పుడు ఎక్కడుంటుంది' అని కూడా అడుగుతున్నాను. మొదటిది మెషీన్ చూసుకుంటుంది. రెండోదానికి ఇంకా తల ఎత్తి చూడాల్సిందే.

ఒకప్పటితో పోలిస్తే అమెరికాలో స్క్వేర్ డాన్స్ ఆడేవాళ్లు బాగా తగ్గారు. చాలా క్లబ్బుల్లో నెరిసిన తలలే ఎక్కువ. కాబట్టి కొత్తవాళ్లు కనిపిస్తే ఆదరణ మామూలుగా ఉండదు. మీ అబ్బాయో అమ్మాయో బోస్టన్ దగ్గర చదువుతుంటే ఓ మాట చెప్పండి. మీరే వెళ్తే, మంగళవారం రాత్రి ఖాళీ ఉంచుకోండి. చూసినా చాలు. వేసుకోవడానికి తేలికపాటి బూట్లు, చేత్తో నీళ్ల సీసా. ఇంగ్లీషు యాస గురించి భయం వద్దు, ఆ కాల్స్ వాళ్లకీ కొత్త భాషే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. దారి తప్పితే కంగారు పడకుండా వరసలో నిలబడండి. ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు.